వెనక చక్రం చప్పుడు

మా ఆయన తన స్కూటరును ఒక్కసారి కూడా మెకానిక్కు చేతికి ఇవ్వలేదు. సారపాకలో రోడ్డు పక్కన వరసగా రిపేరు షెడ్లు ఉండేవి. వాటి ముందు నుంచి పోయేటప్పుడు కనీసం తల అటు తిప్పేవాడు కాదు. "వాళ్లు విప్పుతరు గని మనసు పెట్టి బిగియ్యరు" అనేవాడు. నేను వెనక కూర్చుని ఆ షెడ్ల వైపు ఆశగా చూసేదాన్ని. ఎందుకంటే దారిలో బండి ఆగిపోతే ఎండలో నిలబడేది నేను.

పినపాక నుంచి బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక మాస్టారు దగ్గర ఆ బండి కొన్నాడు. అప్పటికే అది చాలామందిని మోసింది. దాని అసలు రంగు ఏదని అడిగితే మా వాడలో ఒక్కొక్కరు ఒక్కొక్క రంగు చెప్పేవారు. పొద్దున్నే దాన్ని ఒక పక్కకు వంచాలి, నిలబెట్టాలి, మళ్లీ వంచాలి, అప్పుడు కిక్కు కొట్టాలి. నాలుగో కిక్కుకో అయిదో కిక్కుకో లేచి, ఇల్లంతా పొగ చేసేది. రెండు వేల మూడో నాలుగో సంవత్సరం అది. మా చుట్టుపక్కల అందరూ కొత్త మోటారు సైకిళ్లు కొంటున్నారు. మేము మాత్రం ఆదివారం వస్తే ఇంటి ముందు గోనెసంచి పరిచి, దాని మీద నట్లూ బోల్టులూ ఆరబెట్టుకునేవాళ్లం.

ఆ బండి నడవడం నాకు ఉద్యోగం నిలవడంతో సమానం. అడవి వైపు ఎనిమిది కిలోమీటర్లు లోపలికి ఉన్న ఒక కోయ గూడెంలో నేను అంగన్‌వాడీ టీచరును. అటు బస్సు లేదు. రోజూ పొద్దున ఆయన దింపేవాడు, మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్లేవాడు. అంతకు ముందు ఇరవై ఏళ్లు ఆయన పిండి గిర్నీ నడిపాడు. గిర్నీ వేరేవాళ్లది. దాన్ని మూసేశాక ఆయనకు మిగిలిన పని నన్ను మోయడం, ఆ స్కూటరును బతికించడం, ఊళ్లోవాళ్ల సైకిళ్లకు చిన్నా చితకా రిపేర్లు చెయ్యడం. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. బాగుపడిన సైకిలు తొక్కుకుంటూ వాళ్లు వెళ్లిపోతుంటే గుమ్మంలో నిలబడి, అది మూల తిరిగేదాకా చూసేవాడు. అదే ఆయన సంపాదన.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సైలెన్సరులో మసి పేరుకుందని దాన్ని తెచ్చి నా పొయ్యిలో పెట్టి కాల్చిన రోజు నేను అన్న మాటలు ఇక్కడ రాయను. ఆయన నవ్వేవాడు. "టీచరమ్మకు కోపమొచ్చింది, ఇయ్యాల బండి మంచిగ నడుస్తది" అనేవాడు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. డాక్టరు గుండె చూసినట్టే. లోపల ఏ ముక్క అరిగిందో, ఏది వదులైందో దాంతోనే చెప్పేవాడు. గిర్నీలో డీజిల్ ఇంజన్ దగ్గర నేర్చుకున్న విద్య అది. ఆ ఇంజన్ పక్కనే ఇరవై ఏళ్లు నిలబడి, దాని మోతకే చెవులు పోగొట్టుకుంటున్నాడని ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

ఒక ఆదివారం అలాగే పెట్టుకుని చాలాసేపు విన్నాడు. కళ్లు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. చెవి మార్చాడు. తర్వాత స్క్రూడ్రైవర్ నా వైపు చాచి, "నువ్వొకసారి ఇను" అన్నాడు.

"నాకేం తెలుస్తదయ్యా?"

"తెలుస్తది. నేర్చుకో. ఎన్నాళ్లు నేనే చూడాలె?"

నేర్పిస్తున్నాడనే అనుకున్నాను. నెల తిరిగేసరికి అర్థమైంది. వెనక నుంచి పిలిస్తే పలకడం లేదు. రేడియో మోగుతుంటే దాని పక్కనే కూర్చుని, "రేడియో పెట్టు" అన్నాడు. వినబడడం లేదని ఆయన అనలేదు. నీకు వినబడడం లేదని నేనూ అనలేదు. భద్రాచలంలో డాక్టరుకు చూపించుకుందామంటే, "జలుబు చేసింది, పోతది" అన్నాడు. ఆ జలుబు అట్లాగే ఉండిపోయింది.

ఆనాటి నుంచి ఆయన చేతులు పని చేసేవి, నేను వినేదాన్ని. ఇంజన్ మోగుతుంటే మాట ఎలాగూ పనికిరాదు కాబట్టి చేతులతో చెప్పుకోవడం అలవాటు చేసుకున్నాం. అరచెయ్యి చూపిస్తే అంతా బాగున్నట్టు. వేలు గుండ్రంగా తిప్పితే ఎక్కడో చప్పుడు ఉన్నట్టు. ఆయన స్క్రూ తిప్పుతూ నా చేతినే చూసేవాడు. ఇంత వయసు వచ్చాక నన్ను అంత శ్రద్ధగా చూడడం చూసి నాకు సిగ్గేసేది. నిజం చెప్పాలంటే ఆ ఆదివారాలు నాకు ఇష్టమయ్యాయి. చెయ్యంతా ఆయిలు, చీర కొంగుకు మసి. అయినా సణగడం తగ్గించాను. ఆయన నన్ను నమ్మి బిగించిన బోల్టు ఒక్కటి కూడా ఊడలేదు. దాదాపు రెండేళ్లు.

ఎండాకాలం మొదట్లో వెనక బ్రేకు అరిగిపోయింది. బ్రేకు షూలు ఆయనే తెచ్చి, ఒకనాడు తెల్లవారి ఆరింటికే చక్రం విప్పాడు. ఆ రోజు నాకు భద్రాచలంలో మీటింగు. కొత్త సూపర్‌వైజరమ్మ వచ్చింది. ఆలస్యంగా వచ్చినవాళ్లను అందరి ముందూ నిలబెడుతుందని విన్నాను. నేను ఎనిమిదింటికే చీర కట్టుకుని, రిజిస్టర్లు సంచిలో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

చక్రం బిగించాక, బండిని స్టాండు మీద నిలబెట్టి, కిక్కు కొట్టి, గేరులో వేసి చక్రం తిప్పాడు. నేను వంగి స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాను. సన్నగా టిక్కు టిక్కుమంటోంది. వేలు తిప్పాను. ఇంజన్ ఆపి, విప్పి చూశాడు. ఏమీ కనబడలేదు. మళ్లీ బిగించాడు. మళ్లీ అదే చప్పుడు. మళ్లీ విప్పాడు. ఒక వాషరు మార్చాడు. మళ్లీ బిగించాడు. తొమ్మిది కావస్తోంది. మూడోసారి విన్నాను. మళ్లీ వేలు తిప్పాను.

"నీ చెవులల్లనే ఉన్నట్టుంది చప్పుడు" అన్నాడు నవ్వుతూ. అని, మూడోసారి విప్పడానికి కూర్చున్నాడు. విసుక్కోలేదు. మనిషి ఎప్పుడూ విసుక్కోకపోవడం కూడా ఎదుటివాళ్లకు ఒక్కోసారి ఎంత చిరాకో, నాకు ఆ రోజే తెలిసింది.

నాలుగోసారి వంగినప్పుడు నా చీరకు గ్రీజు అంటింది. సంచి జారి రిజిస్టర్లు మట్టిలో పడ్డాయి. సూపర్‌వైజరమ్మ ముందు నిలబడి తలొంచుకోవడం కళ్ల ముందు మెదిలింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, నా చెయ్యి వైపు చూస్తున్నాడు. చప్పుడు ఉంది. సన్నగానే, కానీ ఉంది. నేను అరచెయ్యి చూపించాను.

ఆయన ముఖం వికసించింది. ఎంత తేలిగ్గా నమ్మాడో. గుడ్డతో చేతులు తుడుచుకుని, "పా, జల్దీ పోదాం, నీ మీటింగు ఉన్నది గద" అన్నాడు.

జామాయిల్ తోటల దగ్గర, కల్వర్టు ముందు మలుపులో వెనక చక్రం ఒక్కసారి అటూ ఇటూ ఊగింది. ఏమిటని అనుకునేలోపే రోడ్డు నా భుజానికి తగిలింది. లేచి చూసేసరికి స్కూటరు పక్కకు పడి ఉంది. చక్రం ఊడి, తోటలోకి దొర్లిపోయి పడి ఉంది. ఆయన కుడి చెయ్యి ఒంటి కింద మడతపడి ఉంది. ఇప్పపువ్వు ఏరుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు గంపలు వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

"నీకేం కాలే గద?" అన్నాడు. అదే మొదటి మాట. నాకు మోచేయి గీసుకుంది, అంతే. ఆ ఆడవాళ్లు పట్టుకుంటే లేచి కూర్చున్నాడు. చెయ్యి చూసుకోలేదు. ముందు బండి వైపు చూశాడు. చక్రం ఉండాల్సిన చోట ఇరుసు మీద నట్టు లేదు. నట్టు తిరిగిపోకుండా అడ్డం పెట్టే పిన్ను సగం విరిగి వేలాడుతోంది.

"పాత పిన్నే మళ్ల పెట్టిన" అన్నాడు మెల్లగా. "నా తప్పే."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. రోడ్డు మీద, అందరి ముందు, ఆ క్షణంలో చెబితే అది ఒక మాటగా పోయేది. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాను. నొప్పికి ఏడుస్తున్నాననుకుని ఆయన నన్నే ఓదార్చాడు.

భద్రాచలం దవాఖానాలో మణికట్టుకు కట్టు వేశారు. కట్టు విప్పాక ఎముక అతికింది గానీ చెయ్యి తిరగలేదు. అన్నం ముద్ద నోటి దాకా వచ్చేది. స్పానరు పట్టి తిప్పేంత పట్టు రాలేదు. కొత్తగూడెం నుంచి మా అమ్మాయి వచ్చి తండ్రి మీద కేకలేసింది. "నీకెందుకు నాన్నా ఈ వయసుల? మెకానిక్కుకు ఇస్తే ఏం పోయింది? అమ్మకు ఏమన్నా అయితే?" ఆయనకు సగం వినబడిందో లేదో. పెదవులు చూసి గ్రహించినట్టున్నాడు.

"అవ్ బిడ్డా. చేతులకు వయసొచ్చింది. నేనే చూస్కోలే" అన్నాడు.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. పొయ్యి మీద పాలు పొంగాయి. అవి తుడవడానికి లోపలికి వెళ్లాను.

చెయ్యి బాగుపడకపోవడం అంత పెద్ద సంగతి కాదు. ఎడమ చేత్తో ఎన్నో పనులు చేసుకోవడం నేర్చుకున్నాడు. పోయింది వేరే. చైను ఊడిన సైకిలు తీసుకుని ఎవరైనా వస్తే, ఆ మాత్రం పని ఒంటిచేత్తో చెయ్యగలిగి ఉండీ, వద్దని చెయ్యి ఊపేవాడు. "సారపాక పోండ్రి, ఆడ మంచిగ చేస్తరు." ఎవరి షెడ్ల వైపు తల తిప్పలేదో, వాళ్ల దగ్గరికే పంపేవాడు. కొన్నాళ్లకు రావడం మానేశారు. సాయంత్రం గుమ్మంలో ఊరికే కూర్చునేవాడు.

స్కూటరును చివరికి సారపాకలోని ఒక ముసలి మెకానిక్కే విడిభాగాల కోసం తీసుకెళ్లాడు. ముస్లిం ఆయన, మంచి పనివాడని పేరు. ట్రాలీ ఎక్కించే ముందు ఇంజను విప్పి చూశాడు. "ఎంత మంచిగ పెట్టుకున్నవ్ భాయ్ దీన్ని. ఇన్నేండ్ల బండి లోపల గిట్ల ఉండుడు నేను చూడలే" అన్నాడు. నేను ఆ మాట మా ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పాను. అన్నిటికంటే ఆ మాట ఆయన వినాలని నాకు ఉండింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇంజనుదేముంది. చక్రమే నిలబెట్టలేకపోయిన" అన్నాడు.

రాత్రీ పగలూ నాలో నేను వాదించుకునేదాన్ని. చెబితే ఏమంటాడో నాకు తెలుసు. "పోనీ తియ్" అంటాడు. కోపపడతాడని కాదు నా భయం. ఆయనకు వినబడేది నా వల్లే. నేనే అబద్ధం చెప్పానని తెలిస్తే ఇంకెవరిని నమ్ముతాడు అని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. మీటింగుకు ఆలస్యమవుతుందని మొగుడి చెయ్యి విరగ్గొట్టిన మనిషిగా ఆయన ముందు నిలబడలేకపోయాను. అంతే సంగతి. పైగా ఆ రోజు మీటింగు వాయిదా పడిందట.

రెండేళ్ల తర్వాత ఆయనకు షుగరు పరీక్షకని బస్సులో భద్రాచలం వెళుతున్నాం. అప్పటికి ఆయన చెవులు పూర్తిగా పోయాయి. కిటికీ పక్కన కూర్చున్నాడు. జామాయిల్ తోటలు వచ్చాయి, కల్వర్టు వచ్చింది. ఆయన అటు చూసి, ఎడమ చేత్తో కుడి మణికట్టు నిమురుకున్నాడు. కల్వర్టు వెనక్కి పోయేదాకా చూశాడు.

నేను చెప్పాను. పక్కనే కూర్చుని, మామూలు గొంతుతో మొత్తం చెప్పాను. "చప్పుడు ఉండె. నాకు వినబడ్డది. నేనే లేదన్న. నువ్వు ఇంకొక్కసారి విప్పితే దొరికేదేమో. నీ చేతుల తప్పు లేదయ్యా, నాది." ముందు సీటులోని ఆవిడ వెనక్కి తిరిగి నా ముఖం చూసి, మళ్లీ ముందుకు తిరిగింది.

నా పెదవులు కదలడం ఆయన ఎప్పుడు చూశాడో. "ఏంది?" అన్నాడు.

నేను కొంగుతో ముఖం తుడుచుకుని, కిటికీలోంచి ఎండ పడుతోందని సైగ చేశాను. ఆయన లేచి తన చోటు నాకివ్వబోయాడు. ఎండ పడేది తన వైపే కదా అని గుర్తొచ్చి, నవ్వి, మళ్లీ అక్కడే కూర్చుని కిటికీ రేకు దించాడు.

తర్వాతి వానాకాలంలో ఆయన పోయాడు. చివరి దాకా తన చేతులదే తప్పనుకున్నాడు. ఆయన బతికుండగా ఆ మాట నా నోటి నుంచి వచ్చింది ఆ ఒక్కసారే. వినబడదని తెలిసే చెప్పాను.