ఇటుకరంగు పిట్టలు

ఎప్పుడూ చేతిలో ఊలూ, అల్లిక సూదులూ ఉంటాయని ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ ఊలుపిన్ని అనేవారు. ఏళ్ళ తరబడి లాండ్రీలో ఇస్త్రీ చేసిన మనిషి. నలుగురూ పారేసే బట్టలో కూడా ఇంకొన్నాళ్ళ ఆయుష్షు చూసే కళ్ళు ఆవిడవి. ఇక పెళ్ళి మాటే లేదనుకున్న వయసులో లైన్‌మన్‌ని చేసుకుని, ఊరి చివర రెండు గదుల పెంకుటింట్లో కాపురం పెట్టింది. ఊరందరికీ దీపాలు వెలిగించే ఆ మహానుభావుడి సొంత వరండాలో బల్బు మాత్రం మిణుకుమిణుకుమంటూ ఉండేది. అడిగితే "రేపు చూస్తాలే" అనేవాడు. రేపటి కోసం కూర్చునే రకం కాదు ఈవిడ. స్టూలెక్కి తనే హోల్డర్ బిగించింది. పట్టేసిన కిటికీ రెక్కలకి సాండ్ పేపర్ పట్టింది. తలుపుకి నీలం రంగు వేసింది. పాత డబ్బాలకి చిల్లులు పొడిచి దీపాలకి తొడుగులు చేసింది.

ఈ హడావిడంతా ఒక అమ్మాయి కోసం. లైన్‌మన్ మొదటి భార్య పోయాక కూతురు అమ్మమ్మ దగ్గర పెరిగింది. ఇప్పుడు ఆ అమ్మమ్మే "సెలవుల్లో పదిరోజులు ఉండి చూడవే. నచ్చితే అక్కడే చదువుకో, లేదంటే వచ్చెయ్" అని పంపుతోంది. ఆ పిల్ల ఉండిపోవాలని ఊలుపిన్ని మనసు ఎంత కొట్టుకుపోతోందో మొగుడికి కూడా చెప్పలేదు. పైకి అంటే చేజారిపోతుందేమోనని భయం.

వరండా నిండా ఊలు పిట్టలు వేలాడదీయాలని ఆవిడ ఊహ. బొటనవేలంత పిట్టలు, గాలి వస్తే ఊగేవి. అటకమీద రంగు డబ్బాల వెనక, ఒక అట్టపెట్టెలో పాత స్వెటర్ దొరికింది. ఇటుకరంగు, మధ్యమధ్య తెల్లటి నూగు. అక్కడక్కడా పురుగు కొట్టేసింది. కొట్టినచోట తెంచి, మిగిలినదంతా విప్పింది. విప్పిన ఊలు పాత వంకర్లు అంత తేలిగ్గా వదలదు. తడిపి, అడుగున బరువు కట్టి ఆరేస్తే గానీ దారికి రాదు. అలా దారికి తెచ్చి, పొగమంచు పట్టిన పొద్దుటి పూటలన్నీ వరండాలో కూర్చుని అల్లింది. అల్లుతూ అల్లుతూ ఎక్కడికో వెళ్ళిపోయేది. ఆ తెల్లటి మంచులోంచి పిల్ల నడిచి వస్తున్నట్టూ, పిట్టల కింద నిలబడి తలెత్తి నవ్వుతున్నట్టూ ఉండేది. తేరుకునేసరికి సూదుల మీద ఇంకో పిట్ట తయారయ్యేది.

అమ్మాయి వచ్చే రోజు మధ్యాహ్నం లైన్‌మన్ డ్యూటీ దిగి వచ్చి, పిట్టల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈ ఊలెక్కడిది?"

"అటకమీద పాత స్వెటరుంటే విప్పానండీ. బాగున్నాయా?"

"అది పిల్ల వాళ్ళమ్మది."

ఊలుపిన్ని గబుక్కున ఊగే పిట్టని పట్టుకుని ఆపింది. "ఒక్కమాట చెప్పొచ్చు కదండీ!"

"అక్కడ ఉందనే మర్చిపోయాను. పోనీ, తీసి దాచెయ్. అప్పుడది చిన్నపిల్ల, దానికేం గుర్తుంటుంది?"

దాచేద్దామనే అనుకుంది. అబద్ధమెందుకు, సగం పిట్టల్ని బుట్టలో వేసేసింది కూడా. కానీ గడపలో అడుగుపెట్టకముందే పిల్లని మోసం చేస్తే, ఇక ఈ ఇల్లంతా ఎవరి కోసం సర్దినట్టు? తీసినవాటిని మళ్ళీ తాడుకి కట్టేసింది.

సాయంత్రం బస్సు దిగి వచ్చిన అమ్మాయికి, చేతిలో సంచి అందుకోకముందే చెప్పేసింది. "తల్లీ, ఈ పిట్టలు మీ అమ్మ స్వెటర్ ఊలే. తెలియక విప్పేశాను. తప్పయిపోయింది."

అమ్మాయి తలెత్తి పిట్టల్ని చూసింది. ఏడవలేదు, కసురుకోలేదు. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నాలుగు తిట్టినా బాగుండేదని వంటింట్లో కూర్చుని ఊలుపిన్నే ఏడ్చింది.

పొద్దున లేచి చూస్తే తాడు మీద ఒక్క పిట్టా లేదు. అన్నీ వరండా మెట్ల మీద కూర్చున్న అమ్మాయి ఒళ్ళో ఉన్నాయి. ఒకదాన్ని విప్పబోయి, కొస దొరక్క చిక్కు చేసుకుంది. పొగమంచు గేటుదాకా వచ్చి ఆగింది. ఊలుపిన్ని పక్కన కూర్చుని, కొస వెతికి తీసి ఆ పిల్ల చేతికిచ్చింది.

"ఇక్కణ్ణించి లాగు."

అమ్మాయి లాగింది, ఆవిడ ఉండ చుట్టింది. ముక్కు, తల, రెక్కలు ఒక్కొక్కటే కరిగిపోయి పిట్టంతా దారమైపోతుంటే, కల వెనక్కి నడుస్తున్నట్టుంది. అదయ్యాక ఇంకోటి అందుకున్నారు.

"మళ్ళీ స్వెటర్ అవుతుందా?"

"అవుతుంది. అమ్మదంత మాత్రం అవదు. పురుగు తిన్నది పోయింది కదా."

"నాకు సరిపోతుందా?"

"లే, చూద్దాం."

టేపు తెచ్చి భుజాలు కొలిచింది, చెయ్యి కొలిచింది. ఛాతీ కొలవాలంటే మనిషి చుట్టూ రెండు చేతులూ వెయ్యాలి కదా. వేసింది. అమ్మాయి కట్టెలా బిగుసుకుపోయింది.

"ఊపిరి బిగబట్టకు తల్లీ, స్వెటర్ బిగుతయి కూర్చుంటుంది."

అమ్మాయి ఊపిరి వదిలింది. వదిలేసరికి తల ఆవిడ భుజానికి ఆనింది.

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఎంత గబగబా అల్లినా నెల. నీ సెలవులేమో పదిరోజులే. పూర్తవగానే పార్సిల్లో పంపిస్తాలే."

"పంపక్కర్లేదు," అంది అమ్మాయి, తల తియ్యకుండానే. "నెమ్మదిగానే అల్లండి."

ఊలుపిన్ని కొలత కాస్తా మర్చిపోయింది. టేపు మళ్ళీ మొదట్నించీ చుట్టాల్సి వచ్చింది.