పండగ పూట తెల్లచీర

మా పెద్దమ్మ పుష్పకుమారికి అనుమానమే ఊపిరి. ఉక్కునగరంలో ఉన్నన్నాళ్లూ పాలవాడు నీళ్లు కలుపుతున్నాడని ఒక అనుమానం, ఏ రోజైనా పాలు చిక్కగా ఉంటే ఇంకేం కలిపాడోనని మరో అనుమానం. పెద్దనాన్న యేసుదానానికి ప్లాంటులో కాంట్రాక్టు పని పోయింది. అండమాన్‌లో సరుకుల బోటుకి మెకానిక్కు కావాలంటే సరేనన్నాడు. తొంభై ఎనిమిదిలో ఇద్దరూ విశాఖ రేవులో ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్‌లో దిగారు.

అక్కడ ఇల్లు దొరికింది, మన భీమిలి నుంచి వలసపోయిన జాలర్ల వీధిలో. పెద్దమ్మకి అదీ అనుమానమే. "సముద్రం దాటొచ్చినా మనోళ్లే తగిలారంటే ఇందులో ఏదో ఉంది" అనేది. పక్కింటి పోతమ్మ చేపల పులుసు పంపితే, అమ్మవారికి నైవేద్యం పెట్టిందేమో, క్రైస్తవులం తినకూడదని మూత తియ్యకుండానే తిప్పి పంపింది. పోతమ్మ ఏమీ అనలేదు. అననందుకు ఇంకా అనుమానం.

ఆ డిసెంబరులో బోటు నికోబార్ వెళ్లింది. పెద్దనాన్న క్రిస్మస్ పండగకి ముందే వచ్చేస్తానన్నాడు. రాలేదు. పెద్దమ్మ ఆ ఉక్కపోతలో చెమటలు తుడుచుకుంటూ అరిసెలు వండింది, గుమ్మానికి నక్షత్రం కట్టింది. కానీ ఆమె కుళాయి దగ్గరికి వెళితే చాలు, ఆడవాళ్ల మాటలు ఆగిపోయేవి. పోతమ్మ మొగుడు పైడయ్య ఎదురైతే తల దించుకుని పోయేవాడు.

"ఏటక్కా, నాకాడ ఏటి దాస్తన్నారు?" అని పోతమ్మని నిలదీసింది.

"ఏటీ నేదు పిల్లా. నువ్వెల్లి పండగ సేసుకో" అంది పోతమ్మ, మొహం తిప్పుకుని.

ఈసారి మా పెద్దమ్మ అనుమానం నిజమే. నికోబార్ దగ్గర ఏదో సరుకుల బోటు ఇంజను ఆగి కెరటాల్లో కొట్టుకుపోయిందని జెట్టీలో చెప్పుకున్నారు. ఏ బోటో ఎవరికీ తెలియదు. తెలియని మాట చెప్పి పండగ పూట పిల్ల గుండె ఆపడం ఎందుకని వీధంతా నోరు కట్టేసుకుంది.

క్రిస్మస్ పొద్దున పెద్దమ్మ తలంటుకుని తెల్లచీర కట్టింది. మన చర్చిల్లో ఆ రోజు ఆడవాళ్లు తెలుపు కట్టడం మామూలే. మొహాన బొట్టు ఎలాగూ ఉండదు. బైబిలు పట్టుకుని గుమ్మం దిగింది. వాకిట్లో చేపలు ఆరబెడుతున్న పోతమ్మ చూసింది. ఆమె ఎరిగినంతలో తెల్లచీర కట్టేది మొగుడు పోయినప్పుడే.

"ఓలమ్మో! పిల్లకి కబురొచ్చేసిందర్రో!" అని గుండెలు బాదుకుంది.

వీధిలోని ఆడవాళ్లంతా పరుగున వచ్చి పెద్దమ్మని చుట్టేసి శోకాలు తీశారు. ఆమెకి కబురు తెలిసిపోయిందని వాళ్ల ఏడుపు. వీళ్లకి తన మొగుడి కబురేదో తెలుసు కాబట్టే ఏడుస్తున్నారని ఈమె ఏడుపు. ఎవరినీ నమ్మని మనిషి ఎవరూ చెప్పని ఆ చావు కబురుని మాత్రం వెంటనే నమ్మేసింది. పోతమ్మ ఒళ్లో తల పెట్టుకుని, "అయ్యో, వెళ్లొద్దని ఒక్క మాటన్నా అన్నాను కాదు" అని కుమిలిపోయింది.

పెద్దనాన్న భుజాన సంచితో వచ్చేసరికి అదీ వరస. ఇంజను ఆగింది వాళ్ల బోటుకే. ఇంకో బోటు తాడు కట్టి రేవుకి లాక్కొచ్చింది. ఇంటి ముందు జనాన్ని చూసి ఆయన సంచి అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఎవలు పోయినారు?" అన్నాడు.

పోతమ్మ తలెత్తి చూసింది. "నువ్వేరా నాయినా!" అంది.

పెద్దమ్మ లేచి ఆయన మొహం, చేతులు తడిమి తడిమి చూసుకుంది. మనిషే అని నమ్మకం కుదరడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా పోతమ్మ తన ఎర్రచీర తెచ్చింది.

"ముందా గుడ్డ ఇప్పియ్యే. మొగుడెదర అలగ నిలబడకు."

"అక్కా, ఇది మా పండగ..." అని చెప్పబోయి ఏడ్చి ఏడ్చి ఉబ్బిన పోతమ్మ కళ్లు చూసింది పెద్దమ్మ. ఆ ఎర్రచీర అందుకుని లోపలికెళ్లి కట్టుకుంది.

చర్చిలో అందరూ తెల్లచీరల్లో ఉన్నారు. పాస్టరమ్మగారు వింతగా చూసి, "ఇదేంటమ్మా, పండగ పూట ఈ ఎరుపు?" అని అడిగారు.

"నా మొగుడు బతికున్నాడండి" అని చెప్పి, పెద్దమ్మ ముందు వరసలో కూర్చుంది.