నాగపూర్ దగ్గర ఆగిపోయిన మొగులు

మా చిన్నప్పుడు ఇంటర్నెట్ పైనుంచి కిందికి దిగేది... ఒక్కో గీతగా, నిదానంగా. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. దేశం బొమ్మ తెరిస్తే ముందు హిమాలయాలు వచ్చేవి. చాలాసేపటికి ఢిల్లీ. మన పాలమూరు దాకా రావాలంటే ఓపికా ఉండాలి, అదృష్టమూ ఉండాలి.

ఒకరోజు మా బాపుకు ఆ రెండూ కావాల్సి వచ్చాయి.

నేనప్పుడు ఏడో తరగతి. మాది కోస్గి దగ్గర పల్లె. బావి లేదు, బోరు లేదు... వాన పడితేనే పంట. ముందటేడు తొలి జల్లు చూసి బాపు సంబరంగా విత్తేశాడు. తర్వాత వాన మొహం చాటేసింది. గింజంతా మట్టిలోనే మాడిపోయింది. ఈసారి ఇంట్లో జొన్నలు, కందులు ఒక్క విత్తుకు సరిపడానే ఉన్నాయి.

మళ్లీ అట్లాగే ఒక జల్లు పడింది. నేల పదునెక్కింది. విత్తాక వాన రాకపోతే గింజలు పోతాయి, ఆగితే ఆ తడి ఆరిపోతుంది. ఎటూ తోచక బాపు అన్నం కూడా సరిగ్గా తినడం లేదు.

టీవీలో వార్తల చివర మబ్బుల బొమ్మ చూపించేవారు, గుర్తుందా? బాపు లేచి దగ్గరికి వెళ్లేలోపే అది మాయమయ్యేది. "ఒక్క గడియ ఆపితే వీళ్ల సొమ్మేం బోతది!" అని తిట్టుకునేవాడు. అప్పుడే మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్న మా మేనమామ వచ్చి, అక్కడ నెట్ సెంటర్ పెట్టారని, అందులో మబ్బుల బొమ్మను ఎంతసేపైనా చూడొచ్చని చెప్పాడు.

మర్నాడే బాపు నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు చదివేదాన్ని నేనొక్కదాన్నే మరి. ఆ రోజు నా నడకే వేరు!

నెట్ సెంటర్ అంటే ఏదో అనుకున్నాను. తీరా చూస్తే ఖలీల్ భాయ్ ఎస్టీడీ బూత్‌లో ఒక మూలన ఒకే ఒక్క కంప్యూటర్... దాని మీద పూలపూల గుడ్డ. చెప్పులు బయటే విడవాలి. ఫోన్‌కూ నెట్‌కూ కలిపి ఒకటే లైను.

"మొగులు సూడాలె భాయ్," అన్నాడు బాపు. మా దిక్కు మబ్బును మొగులు అంటాం.

ఖలీల్ భాయ్ నవ్వలేదు. "కూసో కాకా. జర నిమ్మలంగ వస్తది," అని గుడ్డ తీశాడు. పక్కనున్న మోడెం డబ్బా కాసేపు కుయ్యిమంది, గరగరలాడింది. బొమ్మ దిగడం మొదలైంది. ఢిల్లీ దాటగానే లైను తెగిపోయింది. మళ్లీ మొదటి నుంచి హిమాలయాలు... మళ్లీ ఢిల్లీ. ఈసారి భోపాల్ కూడా దాటింది. "గిది నాగపూర్," అని ఖలీల్ భాయ్ తెర మీద వేలు పెట్టాడు. బాపు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే చంకలో చంటిబిడ్డతో ఒకామె ఉరుక్కుంటూ వచ్చింది. "అన్నా, జర ఫోన్ కలుపవా? మా ఆయన గుల్బర్గా దిక్కు కాలువ పనికి పోయిండు. గీ యాళ్లకే ఆడ దుకాణంల ఫోన్ కాడికొస్తడు. మల్లా దొరుకడు."

ఖలీల్ భాయ్ ఇబ్బందిగా మా వైపు చూశాడు. "ఫోన్ కలిపితే నెట్టు కట్టైతది కాకా."

నాకైతే ఆమె మీద మస్తు కోపమొచ్చింది. ఇంత దూరం వచ్చాం, ఇంకొంచెం ఆగితే మా ఊరు వచ్చేస్తుంది! బాపు తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "ముందుగాల ఆమెకు కలుపు. మొగులు యాడికి బోతది," అన్నాడు.

నాగపూర్ అక్కడే ఆగిపోయింది.

ఆమె మొగుడితో బిడ్డ జ్వరం తగ్గిన సంగతి చెప్పింది, అత్తమ్మ సంగతి చెప్పింది. ఇక పెట్టేస్తుందనగా బాపు మొహమాటంగా లేచాడు. "బిడ్డా... ఆడ వానలున్నయా, జర అడుగవా?"

ఆమె అడిగింది. అవతలి మాట వింటూ వింటూ మొహం విప్పారింది. "నిన్నటి సంది ఒకటే వాననంట కాకా! పని బంద్ వెట్టిన్రంట. రేపు ఇంటికొస్తడంట!"

ఆ వాన ఆమెకు మొగుణ్ణి తెస్తోంది, మాకు ఏం తెస్తుందో ఇంకా తెలియదు. ఖలీల్ భాయ్ మళ్లీ కలిపాడు. ఈసారి అతనికీ పట్టుదల వచ్చింది, ఫోన్‌కు వచ్చినవాళ్లను "జర ఠైరో" అని బయటే ఆపాడు. వాళ్లు కూడా తలుపు దగ్గర నిలబడి మొగులు చూడసాగారు. నాగపూర్ దాటింది... దిగింది... ఇంకా దిగింది. మాకు పడమట ఉన్న గుల్బర్గా మీద తెల్లగా దూది కుప్ప!

"మరి మనం యాడ?" అన్నాడు బాపు. ఖలీల్ భాయ్ చూపించాడు. బాపు ఆ తెలుపుకూ మా ఊరికీ మధ్య తన చిటికెన వేలు ఆనించి చూశాడు. అంతే జాగా ఉంది.

"పా బిడ్డా," అన్నాడు. "గొర్రు గట్టాలె."

మర్నాడు పొద్దున్నే బాపు గొర్రు కట్టి విత్తడం మొదలుపెట్టాడు. అమ్మ మాటిమాటికీ పడమటి దిక్కే చూస్తూ ఉంది. మధ్యాహ్నం దాటాక గాలి చల్లబడింది. ఆఖరి సాళ్లు నడుస్తుండగా వాన అందుకుంది. బాపు పరుగెత్తలేదు, చెట్టు కిందికి పోలేదు. చేను మధ్యలో తడుస్తూ నిలబడి నన్ను చూసి నవ్వాడు. అంత హాయిగా ఆయన నవ్వడం నేను చూసి ఏడాదయింది. ఆ ఏడు మా చేను నిండుగా మొలిచింది.

ఇప్పుడు ఏ ఊరి మొగులైనా రెప్పపాటులో ఫోన్‌లోకి వస్తుంది. బాపు కూడా గట్టు మీద నిలబడి అదే చూసుకుంటాడు... చూస్తే నాకు సంతోషమే. ఏ గంటకు చినుకు పడుతుందో ముందే తెలుస్తోంది కాబట్టి, ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని లేకుండా పోయింది. అదొక్కటే వెలితిగా అనిపిస్తుంది.

మీరు మొదటిసారి నెట్‌లో ఏం వెతికారో రాయండి... చదవాలని ఉంది. ఫోన్ చూడకుండా, కిటికీ తెరిచి ఇంకొక్క మాట కూడా చెప్పండి.

మీ దిక్కు వాన పడుతోందా?