కాశమ్మ ముట్టని మిషన్

యాకుత్‌పురా రైల్వే స్టేషన్ వెనక గల్లీలో కాశమ్మ కూతురు వీణ ఏం పని చేస్తుందని అడిగి చూడండి, తలా ఒక మాట చెబుతారు. కంప్యూటర్లు రిపేరు చేస్తుందని కిరాణా దుకాణమాయన అంటాడు. సాఫ్ట్‌వేరేనట గానీ అద్దాల మేడలో కాదట అని ఎదురింటావిడ మూతి తిప్పుతుంది. రైల్వేలో పట్టాల పని చేసే తండ్రి గుండయ్యను అడిగితే మాత్రం మీసం సవరించుకుని, "మా బిడ్డ మిషన్లకు అకల్ పెడ్తది" అంటాడు. నవ్వకండి. మిషన్లకు తెలివి పెట్టడమే ఆమె పని, ముగ్గురిలో సరిగ్గా చెప్పింది ఆయనే.

వీణ పని చేసేది బాలానగర్‌లో ఒక చిన్న కంపెనీలో. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లను నడిపించే బోర్డులు అక్కడ తయారవుతాయి. బోర్డు మీద చిప్పు ఉంటుంది. ఆ చిప్పును నిద్ర లేపి, దాని చేత పని చేయించే పెద్దమనిషి లోపల ఒకడుంటాడు, అతని పేరు కెర్నెల్. సెల్‌ఫోన్లోనూ అతనే, పెద్ద పెద్ద సర్వర్లలోనూ అతనే, పాతబస్తీ కార్ఖానాలో పూలు కుట్టే మిషన్లోనూ అతనే. అయితే ఉన్నవాణ్ణి ఉన్నట్టు తెచ్చి కూర్చోబెడితే కుదరదు. ముందు బోలెడు ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. ఇది ఏ జాతి చిప్పు? దశాంశాల లెక్కలు తనే చేసుకోగలదా? మెమరీని ఎట్లా పంచాలి? పుట్టుకతో వచ్చిన లోపాలేమైనా ఉన్నాయా? ఒక్కో జాతి చిప్పుకు ఈ ప్రశ్నలు వేరు. అవుననో కాదనో అన్నిటికీ చెప్పాకే ఆ చిప్పుకు సరిపడే కెర్నెల్ తయారవుతుంది. ఆ జవాబులు చెప్పడమే వీణ ఉద్యోగం.

ఇదంతా ఒకసారి తల్లికి చెప్పబోయింది. కాశమ్మ అన్నం కలుపుకుంటూ సగం విని, "గిందుకా ఇంత లొల్లి? ఒకటే పువ్వు మఖ్మల్ మీద కుట్టాల్నంటే ఒక తీరు, నెట్టు మీద కుట్టాల్నంటే ఇంకో తీరు. సూది మార్వాలె, దారం బిగువు మార్వాలె. మార్వకుంటే బట్ట చిరుగుతది. గంతే కదనే?" అంది. అంతే మరి! ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు వీణ ఇప్పటికీ ఇదే చెబుతుంది, మా అమ్మ చెప్పిన మాట అని మరీ చెబుతుంది.

కాశమ్మ సంగతి కూడా చెప్పాలి కదా. పెళ్లికాక ముందు నుంచీ మగ్గం పని ఆమెది. చార్మినార్ దుకాణాల నుంచి వచ్చే పెళ్లిబట్టల మీద జరీ కుట్టీ కుట్టీ వేళ్లు కాయలు కాచాయి. చూపు కాస్త మందగించాక బాలనర్సింహ సేటు కార్ఖానాలో కంప్యూటర్ మిషన్ మీదికి మారింది. తోటివాళ్లు దాన్ని చూసి జంకి గోడకు ఆనుకుని నిలబడితే, ఈమె కొంగు బిగించి ముందుకు వెళ్లింది. ఖరీదైన బట్ట ఏదొచ్చినా "కాశమ్మక్కకియ్యిర్రి" అనేవాడు సేటు. ఆమె చేతిలో బట్ట పాడైందన్న మాట ఆ గల్లీలో ఎవరూ ఎరగరు. బంగారం లేదు, భూమి లేదు, ఆమె సంపాదించుకున్నది ఆ పేరే.

అట్లాంటి పేరుకు మొన్న పెళ్లిళ్ల సీజనులో దెబ్బ తగిలింది. సేటు కొత్త మిషన్ తెచ్చాడు. దాని బోర్డు వీణ కంపెనీదేనని తెలిసి కాశమ్మ మురిసిపోయింది, కుంకుమబొట్టు పెట్టి మరీ నడపడం మొదలుపెట్టింది. ఒకరోజు ఒక పెళ్లికూతురు నిలువెల్లా కప్పుకునే ఖడా దుపట్టా మీద అంచు కుడుతుండగా, సూది ఉన్నట్టుండి పువ్వును వదిలేసి బట్టకు అడ్డంగా ఉరికి కొసదాకా గీత కుట్టేసింది. జరీ అంచు మీద కత్తిగాటు పడ్డట్టు అయింది.

సేటు పరిగెత్తుకొచ్చాడు. "ఏం ముట్టినవ్ అక్కా?"

"నేనేం ముట్టలే సేటూ. దారం చూస్కుంట నిలబడ్డ. అదే ఉరికింది."

మొదటిసారి కాబట్టి సేటు ఊరుకున్నాడు. కొన్నాళ్లకు ఇంకో బట్ట, ఆ తర్వాత మరొకటి. కంపెనీకి ఫోను చేస్తే సర్వీసు చూసే అంజన్ వచ్చాడు. ఆ దిక్కుమాలిన మిషన్ అతని ముందు ముత్యాల్లాంటి కుట్టు కుట్టింది! చాలాసేపు చూసి, "బోర్డు మంచిగనే ఉంది. నడిపెటోళ్లే ఏదో బటన్ ఒత్తుతున్నరు" అని చెప్పి వెళ్లిపోయాడు. మర్నాడు పనివాళ్లందరి ముందూ సేటు గొంతు పెంచి, "కాశమ్మక్కా, నువ్వింక మిషన్ ముట్టకు. ఆడ కూసోని దారాలు కత్తిరియ్యి" అన్నాడు.

ఆ పూట ఇంట్లో కాశమ్మ కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. "మీ కంపెనోడే గట్ల చెప్పిండు బిడ్డా. నా చెయ్యి తప్పు చేసిందట" అంది. గుండయ్యకు ఒళ్లు మండింది. "ఫికర్ ఎందుకే? పని బంద్ వెట్టు, నా జీతం లేదా?" అని లేచాడు.

"బంద్ వెడితే తప్పు ఒప్పుకున్నట్టే గద. పోత. దారాలే కత్తిరిస్త. గాని నేను ముట్టలే" అంది కాశమ్మ.

తల్లి అబద్ధమాడదు, అది వీణకు తెలుసు. మరి కంపెనీ బోర్డు అబద్ధమాడుతుందా? తెల్లారి ఎంఎంటీఎస్ రైలు ఎక్కి ఆఫీసుకు వెళ్లగానే నేరుగా యజమాని శ్రవణ్‌కుమార్ గదిలోకి నడిచింది. ఆయన చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. "ఇంటి సంగతులు ఆఫీసుకు తేకు వీణా. అన్ని బోర్డులల్ల అదే కెర్నెల్ ఉంది. ఒక్కదాన్కే పిచ్చి ఎట్ల లేస్తది?" అన్నాడు.

ప్రశ్న న్యాయమైనదే. "ఆ బోర్డు ఇక్కడికి తెప్పియ్యండి సార్. తప్పు మా అమ్మదే అయితే నేనే పోయి సేటును మాఫీ అడుగుతా" అంది వీణ.

బోర్డు వచ్చింది. ఆఫీసులో పరీక్షల కోసం ఒక మిషన్ ఉంటుంది, దానికి బిగించి, పనికిరాని గుడ్డ వేసి, పువ్వు తర్వాత పువ్వు కుట్టమని వదిలేసింది. మొదటి రోజు బుద్ధిగా కుట్టింది. మర్నాడూ అంతే. అటుగా వెళ్తూ అంజన్, "ఏం వీణక్కా, పెళ్లి బట్టలు మనమే కుడుదామా?" అని ఏడిపించాడు. వీణ ఇంకో గుడ్డ బిగించింది. లోపల మాత్రం, ఇది ఇట్లాగే బుద్ధిమంతురాలిలా కుడుతూ పోతే అమ్మ ముఖం ఎట్లా చూడాలన్న భయం పట్టుకుంది.

ఆ తర్వాతి రోజు అందరూ టిఫిన్ డబ్బాలు విప్పి తింటున్నారు. శ్రవణ్‌కుమార్ కూడా అక్కడే, చేతిలో రొట్టె ముక్క. మిషన్ చప్పుడు మారింది. తలలు తిప్పి చూసేసరికి సూది పువ్వును వదిలేసి గుడ్డకు అడ్డంగా ఉరుకుతోంది! దాని దరిదాపుల్లో మనిషి లేడు.

"ఎవరు ముట్టిన్రు?" అన్నాడు శ్రవణ్‌కుమార్, అలవాటు కొద్దీ.

"ఎవ్వరు ముట్టలే సార్" అంది వీణ. తల్లి అన్న మాటే తన నోట వచ్చింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి ఆ పిల్లకు. అంజన్ డబ్బా మూత పెట్టేసి తల దించుకున్నాడు.

ఇక కారణం పట్టాలి. మంచి బోర్డునూ పిచ్చి బోర్డునూ పక్కపక్కన పెట్టి రెంటినీ లేపింది. లేచేటప్పుడు కెర్నెల్ తెర మీద తన గురించీ చిప్పు గురించీ గబగబా కొన్ని వరుసలు చెబుతుంది. మామూలుగా ఎవరూ చదవరు వాటిని. వీణ అక్షరం అక్షరం పోల్చింది. చిప్పు పేరు ఒకటే, జాతి ఒకటే, కానీ తయారీ విడత నంబరు వేరు. కొత్త లాటులో కొన్ని బోర్డుల మీద అదే చిప్పు తొలినాళ్ల సరుకు వచ్చి కలిసింది. ఆ తొలి సరుకులో ఒక పుట్టులోపం ఉందని చిప్పు చేసినవాళ్లే ఎప్పుడో చెప్పి పెట్టారు. దాచమన్న సంఖ్యను ఆ చిప్పు ఎప్పుడో ఒకసారి మార్చి ఇస్తుంది. సూది ఎక్కడ దిగాలో చెప్పే సంఖ్య అట్లా మారితే ఏమవుతుంది? ఖడా దుపట్టా మీద కత్తిగాటు పడుతుంది.

మందు కూడా కెర్నెల్లోనే ఉంది! ఆ జాతి చిప్పుల ప్రశ్నల్లో, ఈ లోపానికి అడ్డు కట్టమంటారా అని ఒక ప్రశ్న ఉంది. కంపెనీ దానికి ఇచ్చిన జవాబు: వద్దు. ఎందుకు వద్దన్నారంటే ఎవరూ చదివి అనలేదు. కెర్నెల్ కొత్తది వచ్చినప్పుడల్లా పాత జవాబుల ఫైలు తెచ్చి పెట్టడం, కొత్త ప్రశ్నలు రాగానే ఎంటర్ బటన్ మీద వేలు పెట్టి అవి అయిపోయేదాకా ఎత్తకపోవడం, ఇదీ ఆ ఆఫీసు ఆచారం, వీణదీ అదే అలవాటు. ఆ ఒక్క ఆఫీసునే అనడం ఎందుకు, లోకమంతా చేసే పనే అది. పైగా ప్రశ్న కింద, తెలియకపోతే వద్దనండి అని సలహా ఒకటి రాసి ఉంటుంది. తెలియకపోతే తెలుసుకోండిరా నాయనా అని రాస్తే ఎవరి సొమ్మేం పోయింది? వేలు ఎత్తడానికి బద్ధకించినందుకు ఒక ఆడమనిషి పరువు పోయింది కదా!

వీణ ఆ ఒక్క జవాబు మార్చి చేతులు దులుపుకోలేదు. తమ చిప్పుకు సంబంధించిన ప్రశ్నలన్నీ మొదటినుంచి చదువుకుంటూ వచ్చింది. తెలిసినవాటికి జవాబిచ్చింది, తెలియనివాటిని చిప్పువాళ్ల కాగితాల్లో వెతికి ఇచ్చింది. ఎంటర్ కొట్టిన ప్రతిసారీ చదివే కొట్టింది. "ఇంత నిదానమైతే ఎట్ల వీణా?" అని శ్రవణ్‌కుమార్ ఒక్కసారి అన్నాడు, గుడ్డ మీది గీత గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. తయారైన కెర్నెల్‌ను పిచ్చి బోర్డులోకే ఎక్కించి వారమంతా కుట్టించారు. గుడ్డల కుప్ప పెరిగింది గానీ సూది ఒక్కసారైనా దారి తప్పలేదు.

అమ్మిన బోర్డులన్నిటికీ ఈ కెర్నెల్ పంపాలని నిర్ణయమైంది. పంపే ముందు శ్రవణ్‌కుమార్ తెర మీద దాని పేరు చూసి ఆగాడు. అంకెల తర్వాత ఒక చిన్న గీత, గీత తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో కాశమ్మ అని ఉంది.

"గిదేంది?"

"కెర్నెల్ చేసినోళ్లు గుర్తుకు ఒక పేరు పెట్టుకునే జాగా సార్. అదీ ఒక ప్రశ్ననే. మనం ఎప్పుడూ ఖాళీ వదిలేస్తం."

"ఎవరీ కాశమ్మ?"

"ముట్టలే అని చెప్పిన మనిషి సార్. మా అమ్మ." చూపు దించలేదు వీణ.

శ్రవణ్‌కుమార్ ఆ పేరును ఇంకోసారి చదివాడు. "ఉండనియ్యి. రేపు కార్ఖానాకు నేను గూడ వస్త" అన్నాడు.

వచ్చాడు కూడా. బాలనర్సింహ సేటు, పనివాళ్లు, అంజన్, వీణ అందరూ ఉండగా, దారాలు కత్తిరిస్తున్న కాశమ్మ దగ్గరికి వెళ్లి, "తప్పు మా బోర్డుదమ్మా. మీ చెయ్యిది కాదు" అన్నాడు. సేటు పక్కకు వచ్చి, ఎవరికీ వినబడకుండా, "మనసుల వెట్టుకోకక్కా" అని గొణిగాడు.

కాశమ్మ కత్తెర కింద పెట్టి లేచింది. "గీ మాట గింత మెల్లగ చెప్తున్నవేంది సేటూ? మిషన్ ముట్టకన్ననాడు అందరి ముంగట గట్టిగ చెప్పినవ్ గద!"

పనివాళ్లు కిసుక్కున నవ్వారు. సేటు కూడా ఓడిపోయి నవ్వేసి, కార్ఖానా అంతా వినబడేట్టు, "కాశమ్మక్క తప్పేం లేదు, తప్పు నాది! ఈ మిషన్ ఆమెదే!" అని అరిచాడు.

అప్పుడు బోర్డు మళ్లీ బిగించి మిషన్ వేశారు. చిన్న తెర మీద వరుసలు పరుగెత్తి ఆగాయి. అంజన్ వేలు పెట్టి చూపించాడు, "అమ్మా, గీడ చూడుర్రి." దారం డబ్బాల మీది పేర్లు చదివీ చదివీ ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్న మనిషి కాశమ్మ. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివింది. చదివి కూతురి వంక తిరిగింది. వీణ కళ్లు నీళ్లతో నిండిపోయాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"గీ ఒక్క మిషన్లనే పెట్టినవా బిడ్డా?"

"లేదమ్మా. మా బోర్డు ఏ ఊర్ల ఉంటే ఆ ఊర్ల. పొద్దుగాల మిషన్ వెయ్యంగనే వస్తది."

కాశమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది, నడుముకు చుట్టి బిగించింది, మిషన్ ముందు తన చోటులో నిలబడింది. అప్పుడు సేటును పిలిచింది.

"విన్నవా సేటూ? ఇగ నన్ను తీసేసినా నా పేరు తియ్యలేవ్!"