ఆదివారం రెండింటికి అక్కకున్న పని

ఆదివారం దుకాణాలు ఎంతసేపు తెరిచి ఉంచాలన్న సంగతి మీద మా బోధన్ బజారులో నాకంటే గట్టిగా అరిచినవాడు ఇంకొకడు లేడు. ఆదివారం ఒంటిగంటకు షట్టర్లు దించేయడం మా బాపు కాలం నుంచి వస్తున్న కట్టుబాటు. ఆ కట్టుబాటు అంటే నాకు ఒళ్లు మంట. నిజామాబాద్‌లో పెద్ద షోరూములు ఆదివారమంతా ధగధగలాడుతూ ఉంటాయి. మా ఊరి జనం బస్సెక్కి పోయి అక్కడ కొనుక్కొస్తారు. మేమేమో ఒంటిగంటకు తాళం వేసి, తిని, ఫ్యాన్ కింద పడుకుని, సోమవారం లేచి గిరాకీ లేదని ఏడుస్తాం. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఉంటుంది మా వ్యవహారం.

పోయిన ఏడాది వర్తకుల మీటింగులో లేచి నిలబడి ఇదంతా కడిగేశాను. చివర్లో నా దగ్గరున్న పెద్ద అస్త్రం తీశాను.

"బీడీలు చుట్టే ఆడోళ్లకు వారంల ఒక్క ఆదివారమే కార్ఖానా బంద్. గా ఒక్క దినం బజారుకు వద్దామంటే మనం బంద్. గిదేం న్యాయం?"

చప్పట్లు పడ్డాయి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా చుట్టుపక్కల ఎన్ని ఇళ్లు బీడీల మీద బతుకుతున్నాయో అందరికీ తెలుసు, అందుకే ఎవరూ ఎదురు చెప్పలేదు. ఇష్టమున్నవాళ్లు ఆదివారం రాత్రి తొమ్మిది దాకా తెరుచుకోవచ్చని ఒప్పుకున్నారు. నేను గెలిచాను. న్యాయం కోసం అరిచానో గల్లాపెట్టె కోసం అరిచానో ఆ రోజు నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

మాది మ్యాచింగ్ సెంటర్. చీరకు తగిన జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాల్, దారం అమ్ముతాం. మూడు గోడల నిండా కింది నుంచి పైదాకా రంగురంగుల గుడ్డ తాన్లు. దుకాణం నా పేరు మీద ఉంది కానీ దాని కళ్లు మాత్రం అక్కవి. అక్క అంటే మా దుకాణంలో పని చేసే ఆవిడ. మా బాపు ఉన్నప్పుడే చేరింది, ఇరవై ఏళ్లు దాటింది. గిరాకీ వచ్చి సంచిలోంచి చీర తీసి పరిస్తే అక్క తాన్ల వైపు చూడదు. చీర కొంగు పట్టుకుని మెట్లు దిగి ఎండలోకి పోతుంది. ఎండకు పట్టి, మడిచి, మళ్లీ విప్పి చూస్తుంది. లోపలికొచ్చి, ఒక్క తాను లాగుతుంది. రెండోది లాగడం నేను ఇంతవరకు చూడలేదు.

ఒకసారి బిలోలి దిక్కు నుంచి మరాఠీ ముసలామె ఒకామె వచ్చింది. చీర తేలేదు, దాని నుంచి పీకిన నాలుగు పోగులు కొంగున ముడేసుకుని తెచ్చింది. అక్క వాటిని అరచేతిలో పెట్టుకుని, వచ్చీరాని మరాఠీలో రెండే ప్రశ్నలు అడిగింది. చీర కొని ఎన్నేళ్లయింది? ఉతికే నీళ్లు బావివా, బోరువా? తర్వాత ఆ పోగుల రంగు కాదు, అంతకంటే ఒక పిసరు వెలిసిన ఉల్లిపొర రంగు తీసి ఇచ్చింది. పోగులు లోపలి మడత నుంచి పీకినవట, పైన చీర ఇంకా వెలిసి ఉంటుందట. పది రోజులకు ఆ ముసలామె ఆ చీర కట్టుకుని, జాకెట్టు తొడుక్కుని, అక్కకు చూపించడానికే మళ్లీ బస్సెక్కి వచ్చింది. రెండూ ఒకే మగ్గం మీద పుట్టినట్టున్నాయి. నేను గల్లా దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు అలవాటు కాని సంగతి అదొక్కటే.

"ఎండల సూడకుంట రంగు చెప్పొద్దు తమ్మీ. ట్యూబ్‌లైట్ అబద్ధమాడ్తది" అనేది నాతో. పొద్దుగూకాక వచ్చిన గిరాకీని "రేపు పొద్దుగాల రాండ్రి" అని పంపేసేది. నాకు పీకల దాకా కోపం వచ్చేది, కానీ ఆవిడను ఏమైనా అనే ధైర్యం మా బాపుకే లేదు, నాకెక్కడిది.

చేరినప్పుడే ఆవిడ బాపుకు ఒక షరతు పెట్టింది. ఆదివారం రాను. వాళ్లు చర్చికి పోయేవాళ్లు కాబట్టి బాపు సరేనన్నాడు. ఒంటిగంటకే మూసే దుకాణం, అదీ అడ్డం రాలేదు. ఇప్పుడు అడ్డం వచ్చింది.

"ప్రార్థన పన్నెండింటికే అయిపోతది గదా అక్కా. తిని, నిమ్మళంగ రెండింటికి రా" అన్నాను.

"రెండింటికి నాకు పనున్నది తమ్మీ."

"ఏం పని?"

"ఉన్నది."

"గీ ఒక్క నెల సూడు."

"రాను తమ్మీ. సోమవారం గంట ముందు రమ్మను, వస్త."

ఆవిడ చెప్పే పద్ధతి అంతే. కోపం ఉండదు, బతిమాలడం ఉండదు. తాను మడిచి పెట్టినట్టు మాటను మడిచి పెట్టేస్తుంది. ఇక దాన్ని విప్పడం ఎవరి తరం కాదు. నీ అక్కర లేకుండానే నడిపిస్తా చూడు అని నేనూ లోపల పంతం పట్టాను.

మొదటి రెండు ఆదివారాలు జనం బాగానే వచ్చారు. ఇద్దరు ముగ్గురు బీడీలు చుట్టే ఆడవాళ్లు కూడా వచ్చారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. మూడో ఆదివారం సాయంత్రం దీపాలు పెట్టాక ఒకామె వచ్చి నెమలికంఠం రంగు చీర తీసి పరిచింది. తనతోపాటు బీడీలు చుట్టే మనిషి ఇంట్లో పెళ్లికని ఇష్టపడి కొనుక్కుందట. అటు తిప్పి ఇటు తిప్పి, ఈ దుకాణంలోనే పుట్టి పెరిగిన ధీమాతో ఒక తాను లాగి కోసి ఇచ్చాను. ట్యూబ్‌లైటు కింద రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి.

బుధవారం మిట్టమధ్యాహ్నం ఆమె తిరిగొచ్చింది. కుట్టించిన జాకెట్టు ఒక చేతిలో, చీర ఒక చేతిలో. నన్ను బయటికి రమ్మని సైగ చేసింది. మెట్లు దిగి ఎండలో నిలబడి రెండూ పక్కపక్కన పట్టుకుంది. చీర నీలం మెరిసే నెమలికంఠం, జాకెట్టు ఒట్టి పచ్చ, శుద్ధ రామా గ్రీన్. పెళ్లి అయిపోయింది, ఆమె పాత చీరతో పోయొచ్చింది. నేను డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అక్క వైపు చూసి, "నువ్వు లేవాయె ఆనాడు" అని మాత్రం అంది.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. సిగ్గు పడాల్సిన చోట నాకు కోపం వచ్చింది, నా గుణమే అంత. ఈవిడ రాకపోవడం వల్లే కదా ఇదంతా అనుకున్నాను. వచ్చే ఆదివారం ఇంటికే పోయి ముఖం మీద అడగాలి, వస్తే రమ్మనాలి, లేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని చెప్పేయాలి అని తీర్మానించుకున్నాను. ఇరవై ఏళ్లుగా పని చేస్తున్న మనిషిని తీసేయడానికి నాకు నాలుగు రోజుల కోపం సరిపోయింది.

ఆ ఆదివారం రెండు దాటాక షట్టర్ దించి బండి మీద బయలుదేరాను. అక్క ఉండేది ఊరి చివర, ఒకప్పుడు చెరుకు తోటలుండి ఇప్పుడు వరి మడులైన పొలాలను ఆనుకున్న గల్లీలో. ఇరవై ఇళ్లుంటాయి. సగం ఇళ్లు చర్చికి పోయేవాళ్లవి, సగం బోనాలు ఎత్తేవాళ్లవి. ఏ ఇంట్లో చూసినా ఆడవాళ్ల పని మాత్రం బీడీలే. మామూలు రోజున ఆ గల్లీ పక్క నుంచి పోతే కత్తెరల చప్పుడు, టీవీల చప్పుడు, వాళ్ల నవ్వులు, తిట్లు అన్నీ కలిసి వినిపిస్తాయి.

గల్లీ మొగదలకు వచ్చానో లేదో ఎవరో చేయి అడ్డం పెట్టారు. అక్క. చర్చికి కట్టుకున్న తెల్ల చీర, చేతిలో వెదురు కట్టె. పెదవుల మీద వేలు పెట్టి, బండి ఆపమని సైగ చేసింది. ఆపాను. ఇంజన్ ఆగిపోయాక నాకు ఆ నిశ్శబ్దం తెలిసింది.

గల్లీ అంతా నిద్రపోతోంది. తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. అరుగుల మీద, చాపల మీద, మంచాల మీద, గడపకు తల ఆనించి కొందరు, వేపచెట్టు నీడలో వరసగా కొందరు. బీడీల చాటలు గోడలకు ఆనించి ఉన్నాయి. ముసలవ్వలు, బాలింతలు, పెళ్లికాని పిల్లలు, అందరూ. టీవీ లేదు, ఫోన్ లేదు, కుక్క కూడా మురుగు కాలువ పక్కన ఒరిగి పడుకుంది. వినబడేది ఊపిరి ఒక్కటే. ఇరవై ఇళ్ల ఊపిరి ఒక్కసారి వినడం నా జన్మలో అదే మొదలు. గుళ్లోకి పోయినప్పుడు కూడా నాకు అంత భయభక్తి కలగలేదు, నిజం చెబుతున్నాను. చెప్పులు విడిచేశాను, ఎందుకో నాకే తెలియదు.

వాళ్లలో సగం మంది ముఖాలు నాకు తెలుసు. రాణి రంగు కోసం నాతో గంట కొట్లాడినామె ఉంది. ఎప్పుడూ ఫాల్ ఒక్కటే కొని పోయే ఆమె ఉంది. జాకెట్టు గుడ్డ తిరిగి తెచ్చిన ఆమె కూడా మూడో ఇంటి అరుగు మీద, చేయి తల కింద పెట్టుకుని పడుకుని ఉంది. రెండో చేయి చాప మీద ఉంది. ఆ చేతి బొటనవేలు, చూపుడువేలు నిద్రలోనే ఒకదాని మీద ఒకటి మెల్లగా దొర్లుతున్నాయి. ఆమె నిద్రలోనూ బీడీ చుడుతోంది. మీటింగులో నేను లేచి ఎవరి పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నానో, వాళ్లు తమ ఒక్క తీరిక దినాన్ని ఏం చేసుకుంటున్నారో చూశాను.

"నీ పని గిదేనా అక్కా?" అన్నాను గుసగుసగా.

"గిదే. రెండింటి నుంచి నాలుగింటి దాక."

చెవిలో చెప్పినట్టు చెప్పింది. చాలా ఏళ్ల కింద ఒక ఆదివారం అందరూ ఇట్లాగే పడుకుంటే మేకలొచ్చి సోమవారం కోసం నానబెట్టిన బీడీ ఆకంతా మేసిపోయాయట. అప్పటి నుంచి ఒకరు మెలకువగా ఉండాలని కట్టు పెట్టుకున్నారట.

"మొదట్ల వంతులే. ఆరు దినాలు వంగి కూసున్నోళ్లు, గోడకు ఆనంగనే కునుకు వడ్తరు. నాకు మీ దుకాణంల నిలవడి నిలవడి అలవాటాయె. నేనే ఉంటనన్న."

"మొగోళ్లు?"

"సగం మంది దుబాయ్‌ల. సగం మంది గా ఇండ్లల్ల గుర్రు వెడ్తున్రు, ఇనవడ్తలేదా?"

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. అప్పుడు ఆవిడే అంది, "నీకు ఆదివారం మనిషి కావాలె. పెట్టుకో తమ్మీ, నేనేం అనుకోను. గీళ్లను ఇడిసి మాత్రం రాను." నేను ఏం చెప్పడానికి వచ్చానో ఆవిడ ఎండలో చూడకుండానే కనిపెట్టింది.

"నువ్వెప్పుడు పండుకున్నవ్ అక్కా, ఆదివారం?"

ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "యాదికి లేదు" అంది.

నేను చేయి చాపి కట్టె పట్టుకున్నాను. ఒక గంట నేను ఉంటానన్నాను. నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తెల్లమేక చివరి ఇంటిదని, దాన్ని నమ్మొద్దని చెప్పింది. రెండో ఇంట్లో తొట్టెలలో పిల్ల కదిలితే ఏడవకముందే ఊపాలని చెప్పింది. చెప్పి, పక్కనున్న నులక మంచం మీద ఒరిగింది. ఒక్క క్షణం. అంతే, ఆవిడ ఊపిరి కూడా ఆ ఇరవై ఇళ్ల ఊపిరిలో కలిసిపోయింది.

ఫోన్ జేబులో వణికింది. బజారులో పక్క దుకాణం ఆయన. "గిరాకీ నిలవడ్డది, షట్టర్ దించినవేందన్నా? అందర్ని లేపినోడివి నువ్వేనాయె!" నేను నోటికి చేయి అడ్డం పెట్టుకుని, "ఇయ్యాల తియ్యను. వచ్చే ఆదివారం సుత తియ్యను. నీ ఇష్టం నీది" అని పెట్టేశాను. తొట్టెల రెండుసార్లు ఊపాను. మేకను ఒకసారి తరిమాను, దాని కళ్లలో నా పట్ల గౌరవం ఏమీ లేదు.

నాలుగు దాటాక ఒక ముసలవ్వ లేచింది. అక్క ఉండే చోట నన్ను చూసి ఉలిక్కిపడింది. నేను మంచం వైపు చూపించాను. అవ్వ దగ్గరికొచ్చి, వంగి అక్క ముఖం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోయి ఇంకొకామెను తట్టి లేపి, చెవిలో ఏదో చెప్పింది. ఆమె ఇంకొకామెకు చెప్పింది. ఒక్కొక్కరే లేచారు, ఒక్కరూ మాట్లాడలేదు. నల్లా వచ్చింది. ఒకామె నల్లా మూతికి గుడ్డ కట్టింది, నీళ్లు ఆ గుడ్డ వెంట చప్పుడు లేకుండా బిందెలోకి జారాయి. నిండిన బిందెను ఇద్దరు పట్టుకుని ఎత్తారు, గచ్చుకు తగలకుండా. పిల్లలను చంకనేసుకుని పొలం గట్టు దాకా తీసుకుపోయారు. జాకెట్టు ఆమె నా దగ్గరికొచ్చి, నన్ను గుర్తుపట్టి, ఒక చెంబు నీళ్లు పెట్టి పోయింది.

కట్టె ఇచ్చేసి పోదామని లేవబోతే అవ్వ నా భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టింది. నాకు కళ్లు నిండాయి. ఇరవై ఇళ్ల మనుషులు మునివేళ్ల మీద నడుస్తున్నారు. పొద్దుగూకే దాకా అక్క లేవలేదు. ఆవిడను ఎవరూ లేపలేదు.