దేవయాని వెలుగులో సున్నపు గీతలు: చిత్తూరు నుంచి తిరుపతికి

నా కుడికన్ను పండుతోందట. చిత్తూరు డాక్టరు మామిడికాయ సంగతి చెప్పినంత తీరిగ్గా చెప్పాడు. శుక్లం పూర్తిగా ముదిరేదాకా కత్తి పెట్టకూడదు, అందాకా చూపు తగ్గుతూనే పోతుంది, ముదిరాక కోస్తే మళ్ళీ వచ్చినా రావచ్చు, రాకపోనూ వచ్చు. ఎడమకన్ను కిందటేడు కోశారు; అది రాని జాబితాలో చేరింది. కాబట్టి ఈ మిగిలిన కంటితో ఏం చూడాలో తేల్చుకోవలసింది నేనే. మనవలూ మనవరాళ్ళూ రోజూ కనబడుతూనే ఉన్నారు, అవసరమైనదానికంటే కాస్త ఎక్కువే. చూడనిది వేరే ఉంది. ముప్ఫయ్యేళ్ళు ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పాను. నక్షత్రాల వెలుగును పట్టకంతో విడదీస్తే రంగుల మధ్య నల్లగీతలు కనబడతాయనీ, ఏ గీత ఏ పదార్థానిదో పోల్చవచ్చనీ, దేవయాని నీహారిక అనే మసక మచ్చ ఉత్త పొగమబ్బు కాదు, మన పాలపుంతలాంటి మరో నక్షత్రాల గుంపు అనీ బల్ల గుద్ది చెప్పాను. అందులో నేను కళ్ళారా చూసింది ఆ బల్ల ఒక్కటే.

యుద్ధం ముగిసిన తర్వాతి చలికాలంలో తిరుపతి నుంచి సుభద్ర కబురు పంపింది. సుభద్ర నా దగ్గర చదువుకున్న పిల్ల. భర్త అక్కడి కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాడు. మద్రాసులో అతని గురువుగారికి విదేశపు స్నేహితుడొకడు దేవయాని వర్ణపటాన్ని ఫోటో తీసిన గాజుపలక పంపాడట. గీతలు కొలిచే పని సుభద్రకు అప్పగించారు. పని అయిపోయింది, శుక్రవారం మధ్యాహ్నం బండికి పలక మద్రాసు వెళ్ళిపోతుంది, చూడాలంటే ఆలోపు రండి అని కబురు. మా అబ్బాయి వకీలు, అడ్డుచెప్పడం అతని వృత్తి.

"ఈ కంటితో రైలెక్కుతావా అమ్మా? ఆ బొమ్మ నీ పుస్తకంలో ఉండనే ఉంది గదా!"

"ఇడ్లీ బొమ్మ కూడా ఉంటుంది నాయనా పుస్తకంలో. పొద్దున నువ్వు తిన్నది బొమ్మేనా?"

పెట్రోలు కరువు తీరక బస్సులు ఇంకా బొగ్గు గ్యాసుతోనే నడుస్తున్నాయి. ఎత్తు వస్తే డబ్బిచ్చిన మనమే దిగి తొయ్యాలి. అందుకని శుక్రవారం పొద్దున్నే చిత్తూరులో రైలెక్కాను. మూడో తరగతి టిక్కెట్టు రూపాయికి లోపే. పాకాల, చంద్రగిరి మీదుగా తిరుపతి. బండి సవ్యంగా నడిస్తే పది గంటలకల్లా దిగిపోవాలి. అది పాకాల దాకా సవ్యంగానే నడిచింది, అక్కడ నిలబడిపోయింది. ప్లాట్‌ఫారం మీద పోయే గార్డును కిటికీలోంచి పిలిచి అడిగాను.

"ధర్మవరం బండి రావల్ల అవ్వా. కొండకు పోయేవాళ్ళు అందులో ఉండారు."

"ఎప్పుడొస్తుంది?"

"వచ్చేటప్పుడు కూత ఇనపడతాదిలే."

ఆ కూత వినబడేసరికి నా వారపత్రిక రెండుసార్లు అయిపోయింది. అక్కడి ఇడ్లీ వేడిగా ఉంటుంది, చట్నీ మాత్రం పక్కూరి చెరువులో మునిగి వచ్చినట్టుంటుంది. ఇడ్లీ కొనుక్కుని పొడి ఇంటి నుంచే తెచ్చుకోండి. ధర్మవరం వాళ్ళు ఎక్కాక పక్క పెట్టెలో గోవింద నామం మొదలైంది. మనుషులు నాకు మసకే, కానీ ఆ అరుపులో అరవ యాస ఎంతుందో, కన్నడం ఎంతుందో, మన సీమ గొంతులు ఎన్ని కలిశాయో కూర్చున్నచోటి నుంచే చెప్పగలను. ఒక్క ముఖమూ కనబడకుండానే గుంపు ఎక్కడిదో తెలుస్తుంది. దేవయాని విషయంలో చేసేదీ ఇదే. అంత దూరాన నక్షత్రాలు విడివిడిగా చిక్కవు. అన్నిటి వెలుగూ కలిసి పరికరంలోని ఒక్క సన్నటి చీలికలోంచి వస్తుంది. అందులోని గీతలనుబట్టి ఆ గుంపులో ఎలాంటివాళ్ళు ఎక్కువో చెప్పాలి.

తిరుపతిలో దిగేసరికి పన్నెండు దాటింది. జట్కావాడు నన్ను చూడగానే కొండదారి వైపు గుర్రాన్ని తిప్పేశాడు.

"అటు కాదప్పా. కాలేజీ వెనక వీధికి."

"ఈడిదాకా వచ్చి కొండకు పోకుండా ఆడేం పని అవ్వా?"

"నక్షత్రాలు చూడాల."

వాడు సూర్యుడి వంక చూశాడు, నా వంక చూశాడు. "కండ్లు బాగలేవా?" అన్నాడు చాలా మెల్లగా.

"బాగలేవు. అందుకే బేగిరంగా పో."

జాలిపడి గుర్రాన్ని పరిగెత్తించాడు. అడిగిన ఆరణాల్లో అణా కూడా తగ్గించలేదు. జాలికీ బాడుగకూ లెక్కలు వేరు.

సుభద్ర గుమ్మంలోనే ఉంది. లోపల ఆమె భర్త పరుపుచుట్ట కట్టేసి, గోడగడియారం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "రెండున్నరకల్లా స్టేషన్లో ఉండాలండీ," అన్నాడు నమస్కారానికి బదులు. నేను కాళ్ళు కడుక్కోకముందే వంటమనిషి కుప్పమ్మ నా గడ్డం పట్టుకుని కంటిని వెలుతురుకు తిప్పింది.

"అయ్యో, ఇది దిష్టే! ఒక్క నిమిషం ఉండండమ్మా."

గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పెట్టుకుని నా చుట్టూ మూడుసార్లు తిప్పింది. వద్దనేలోగా సుభద్ర ఒక ఇత్తడి గొట్టం తెచ్చి నా కంటికి ఆనించింది. గొట్టానికి ఒకచివర సన్నటి చీలిక, లోపల పట్టకం. "పొయ్యిలో పడేటప్పుడు ఇందులోంచి చూడండి టీచరమ్మా," అంది. కుప్పమ్మ ఉప్పు విసిరింది. మంట పైకి లేచింది. గొట్టంలో మసక ఎరుపు మీద నిటారుగా ఒక పసుపుగీత వెలిగి, ఆరింది. ఉప్పులోని సోడియం సంతకం అది. సూర్యుడి వెలుగులో అదే చోట నల్లగీత ఉంటుంది, ఎందుకంటే మండే గోళానికి ముందున్న ఆవిరి తన వంతు వెలుగు తనే మింగేస్తుంది. ఇదంతా వివరించబోయి అందరితోపాటు నేనూ దగ్గాను, మిరపకాయలు వాటి పని అవి చేశాయి.

కుప్పమ్మ నిరాశపడింది. "ఘాటు వచ్చేసినాది. అయితే దిష్టి లేదమ్మా. మీ కన్నే చెడినాది."

డాక్టరు మూడు రూపాయలు పుచ్చుకుని చెప్పింది కూడా ఇదే.

ఆ తర్వాత సుభద్ర పలక తీసింది. ఉత్తరపు కిటికీ దగ్గర తెల్లకాగితం పరిచి, దాని మీద పలకను వాలుగా నిలిపి, భూతద్దం నా చేతికిచ్చింది. దేవయాని వెలుగంతా చిటికెన వేలి గోరంత బూడిదరంగు పట్టీ. మనం వెతికేవి కాల్షియం గీతలు రెండు, ఊదారంగు చివర పక్కపక్కనే ఉంటాయి. ఆ కాల్షియమే నా తమలపాకు మీది సున్నంలోనూ ఉంది. శుక్లం పట్టిన కంటికి ఊదా అసలు కనబడదు. మా కోడలి ఊదాచీర నాకు మట్టిరంగే. కానీ ఫోటో పలకకు రంగులతో పనిలేదు, ఊదాను కూడా బూడిదగా మార్చి పెడుతుంది. నా కన్ను చూడలేని వెలుగును గాజు నా కోసం చూసి ఉంచింది. అది నెగటివు కాబట్టి నల్లగీతలు అందులో తెల్లటి సందుల్లా ఉంటాయి.

చూశాను. పట్టీ ఉంది. సందులు లేవు.

"కనబడినాయా టీచరమ్మా?"

"లేదు."

దూరం మార్చాను, తల వంచాను, అద్దం తుడిచాను. గడియారం రెండు కొట్టింది.

"కనబడినట్టే అనుకోండి," అన్నాడు ఆమె భర్త లేస్తూ. "ఉన్నాయన్నది ఖాయమే కదండీ. సుభద్ర కొలిచింది కూడాను."

"ఉన్నాయని నాకు ముప్ఫయ్యేళ్ళుగా తెలుసు నాయనా. దానికి రైలెక్కనక్కర్లేదు. ‘కనబడినట్టే’ అనే జవాబుకు నా బడిలో సున్నా."

అతను కిటికీ వంక చూశాడు, నా కంటి వంక చూశాడు. "పక్క వెలుతురంతా కంట్లోనే చిందుతోంది, శుక్లం కదా," అన్నాడు. కట్టిన పరుపుచుట్ట విప్పి, లోపలి నల్లగొడుగు లాగి, తెరిచి నా తలమీద నుంచి పలకదాకా పట్టాడు. పలక వెనక చిన్న వెలుగుముక్క తప్ప తక్కిందంతా చీకటయింది. నేను తొందరపడలేదు. బూడిదరంగు పట్టీలో ఎడమచివరన ఏదో తెగినట్టు అనిపించింది. అద్దాన్ని ఒక వెంట్రుకవాసి జరిపాను. తెగినచోటు రెండుగా విడిపోయింది. పక్కపక్కన రెండు సన్నటి తెల్లని సందులు, దువ్వెనలో రెండు పళ్ళు ఊడినట్టు.

"ఎడమన," అన్నాను.

సుభద్ర ఒప్పుకోలేదు. కొలిచేవాళ్ళ పద్ధతి ఒకటుంది: కన్ను తనకు కావలసింది చూస్తుందని అనుమానించి, పలకను తిరగేసి మళ్ళీ మొదటినుంచి చూస్తారు. "కళ్ళు మూసుకోండి. తిప్పి పెడతాను," అంది. పలక కాగితానికి రాసుకున్న చప్పుడైంది. కళ్ళు తెరిచి, కుడివైపు వెతికాను. అక్కడ ఏమీ లేదు. మళ్ళీ చివరినుంచి చివరిదాకా పోయాను.

"నువ్వు తిప్పలేదు. ఎడమవైపే ఉన్నాయి."

సుభద్ర పకపకా నవ్వింది. "మీ పరీక్షల్లో మీరు చేసిందే టీచరమ్మా!" అని ఈసారి నిజంగానే తిప్పింది. రెండు సందులూ కుడికి వచ్చాయి. చూసి చెప్పాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగకపోయినా మరికాసేపు చూశాను. బండి వేళ దగ్గరపడుతున్నా అతను గొడుగు దించలేదు. పలకతోసహా పరుగెత్తి బండి అందుకున్నాడని, స్టేషన్ దాకా వెంట వెళ్ళొచ్చిన కుప్పమ్మ తర్వాత చెప్పింది.

ఆ రాత్రి అక్కడే ఉండి మర్నాటి బండికి తిరిగొచ్చాను. దేవయాని గుంపు నడిమి భాగంలో మన సూర్యుడిలాంటివీ, అంతకంటే కాస్త చల్లనివీ అయిన పసుపు నక్షత్రాలదే పైచేయి అని సుభద్ర తన కొలతల కాగితంలో గీతలన్నీ చూపి చెప్పింది. నేను చూసినవి మాత్రం రెండే, ఆ రెంటికే పూచీ పడతాను. మనిషి పుట్టకముందో, పుట్టాడో లేదో తెలియని కాలంలోనో బయల్దేరిన వెలుగు, తాను దాటివచ్చిన ఆవిరిలో సున్నపు మూలకం ఉందని చెప్పడానికి అంత దూరం వచ్చింది. దాన్ని చదవడానికి నేను పాకాల మీదుగా ఒక పూట వెళ్ళాను, ఇందులో నేను పడిన కష్టమేమీ లేదు. కన్ను పండేది పండుతుంది. డాక్టరు కోసినప్పుడు చూపు వస్తే సంతోషం. రాకపోతే, ఆ చీకట్లో రెండు గీతలు ఏ వైపున్నాయో నాకు తెలుసు.

ఇలాంటి పలక చూడబోయేవాళ్ళకు ఒక సలహా. ఎండలోంచి వచ్చి వెంటనే భూతద్దం పట్టకండి, కాసేపు చీకటిగదిలో కూర్చోండి, ఉత్తరపు కిటికీ అడగండి. కనబడకపోతే మొహమాటపడి తల ఊపకండి. కనబడలేదనే చెప్పండి, అప్పుడే ఎవరైనా గొడుగు తెస్తారు.