టెస్ట్ పాసయ్యాడు, తమ్ముడు బాగా లేడు

ఆ ఆదివారం మధ్యాహ్నం వంశీ మా ఇంటికి భోజనానికి వచ్చాడు. నేను పప్పుచారుకు పోపు పెడుతున్నాను. "అక్కా, ఆ పొగ ఫ్యాన్ బంద్ చెయ్యవే, తలల మోగుతుంది" అన్నాడు. బంద్ చేశాను. "బావ ఏడి?" అని అడిగాడు. పాపను స్విమ్మింగ్‌కు తీసుకెళ్లాడని చెప్పాను. కంచంలో అన్నం పెట్టేలోపు మళ్లీ అడిగాడు, "బావ ఏడి?"

వంశీ నా తమ్ముడు. ఇక్కడే జర్మనీలో, కొలోన్‌లో మాస్టర్స్ చదువుతూ ఒక రగ్బీ క్లబ్బుకు కాంట్రాక్ట్ మీద ఆడేవాడు. హైదరాబాద్‌లో స్పోర్ట్స్ హాస్టల్‌లో నేర్చుకున్న ఆట అది. ఈ ఫుట్‌బాల్ దేశంలో జీతం తీసుకుని రగ్బీ ఆడేవాళ్లు బహు కొద్దిమంది. ఒకడు దెబ్బ తగిలి పక్కన కూర్చుంటే ఆ చోటు కోసం ఇంకొకడు బూట్లు కట్టుకుని ఉంటాడు.

ముందురోజు మ్యాచ్‌లో అవతలివాణ్ని పట్టి పడేయబోతే వాడి మోకాలు వంశీ కణతకు తగిలింది. మైదానం పక్కన కూర్చోబెట్టి కొన్ని మాటలు, అంకెలు తిరిగి చెప్పించారు. పాసయ్యాడు. మళ్లీ దిగి ఆడాడు.

నేను ఇంటర్ వరకే చదివాను. మా ఆయన ఉద్యోగానికి బ్లూ కార్డ్ వీసా మీద వస్తే వెంట వచ్చాను. జర్మన్ నేర్చుకున్నది సిటీ లైబ్రరీలో, మొదట పిల్లల పుస్తకాలతో, తర్వాత ఆరోగ్యం అలమరలో. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కాస్త గర్వమే. అందుకే ఒకే ప్రశ్న రెండోసారి వినగానే అన్నం పక్కన పెట్టి వాణ్ని ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను.

"సి.టి. నార్మల్. బ్లీడింగ్ లేదు. కంకషన్, అంటే మెదడు కుదుపుకు గురైంది. ఒకటి రెండు రోజులు రెస్ట్, వాంతులైతే వెంటనే రండి" అన్నాడు డాక్టర్. పాపతో అక్కడికే వచ్చిన మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. నాకు కుదురు రాలేదు. లైబ్రరీకి వెళ్లి చదివాను. సి.టి.లో రక్తస్రావం, ఎముక విరగడం కనిపిస్తాయి. మెదడు పని చేసే తీరు కనిపించదు. ఇల్లు కూలలేదని ఫోటో చెబుతుంది, లోపల కరెంటు ఉందో లేదో చెప్పదు.

వంశీని మా ఇంట్లోనే ఉంచుకున్నాం. క్లబ్బులో మెట్లు మెట్లుగా ఆటకు తెస్తారు. మొదట నడక, తర్వాత సైకిల్, పరుగు, బంతితో ప్రాక్టీస్, చివరికి ఒంటికి ఒళ్లు తగిలే ఆట. ఏ మెట్టు దగ్గర తలనొప్పి వచ్చినా ఒక మెట్టు కిందికి దిగాలి. ప్రతి మెట్టు దగ్గరా వీడు "ఏం లేదు" అన్నాడు. ఆపైన కంప్యూటర్ మీద టెస్ట్ పెట్టారు. సీజన్ మొదట్లో, ఏ దెబ్బా లేనప్పుడు రాసిన బేస్‌లైన్ టెస్టుతో స్కోరు సరిపోయింది. "బేస్‌లైన్‌కు వచ్చేశావు, శనివారం ఆడొచ్చు" అన్నాడట క్లబ్ డాక్టర్. ఆ మ్యాచ్ తర్వాతే వచ్చే ఏడాది ఎవరుంటారో తేలుస్తారు.

ఇంట్లో మాత్రం వేరే మనిషి. హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి హాల్లోకి తిరుగుతూనే ఉండేవాడు. థీసిస్ తెరిచి అర పేజీ చదివి ల్యాప్‌టాప్ మూసేవాడు. గరిటె కింద పడితే పాప మీద అరిచాడు. అది బెదిరిపోయి జర్మన్‌లో ఏదో గొణుక్కుంటూ గదిలోకి పోయింది. వాడి అడుగుల చప్పుడు వింటూ నేనూ ఒకచోట నిలవలేకపోయాను. స్టవ్ ఆపానో లేదో చూడ్డానికి వంటింట్లోకి పోయి, ఎందుకొచ్చానో మర్చిపోయి వచ్చేదాన్ని.

"లైబ్రరీ డాక్టరమ్మ ఇయ్యాల ఏం చదివింది?" అనేవాడు వంశీ. "మన గోదావరిఖనిల బాయి పనోళ్లు కొడుక్కు నౌకరొస్తదని మెడికల్ అన్‌ఫిట్ చెయ్యమని తిరుగుతరు. నువ్వేమో ఫిట్టున్నోన్ని పట్టుకొని అన్‌ఫిట్ చేస్తున్నవ్."

మా నాన్న బొగ్గు బాయిలో పనిచేశాడు. వాడి మాటకు నవ్వొచ్చింది గానీ, ఒకటి గుర్తొచ్చింది. ఒంట్లో ఏం తేడా వచ్చినా నాన్న ముందు పోయేది యూనియన్ ఆఫీసుకే. ఆటగాళ్లకూ ఇక్కడ యూనియన్ ఉందని, కాంట్రాక్ట్ రోజునే చేరానని వంశీ ఎప్పుడో చెప్పాడు. ఫోన్ చేసి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకున్నాను.

జెండాలు, గోడలనిండా నినాదాలు ఉంటాయనుకుని వెళ్లాను. సైకిల్ షాపు మీద ఒక చిన్న గది, ఒక కాఫీ ఫ్లాస్కు, ఆటలో నలిగిపోయిన చెవులతో ఒక మాజీ ఆటగాడు. పేరు టోబియాస్. నేను చదివిందంతా ఆయనకు చెప్పాను. ఓపికగా విన్నాడు.

"టెస్ట్ నార్మల్, మనిషి నార్మల్ కాదు. ఎలా?" అని అడిగాను.

"సీజన్ మొదట్లో బేస్‌లైన్ ఎలా రాశాడో అడిగారా?"

"అది పుస్తకంలో లేదు."

"ఉండదు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఉంటుంది. కొత్తగా వచ్చినవాడికి పాతవాళ్లు చెబుతారు, మొదటి టెస్ట్ కావాలనే నెమ్మదిగా రాయి, కొన్ని తప్పులు పెట్టు అని. తర్వాత తలకు దెబ్బ తగిలినా స్కోరు పడిపోయినట్టు కనిపించదు. నేనూ అలాగే రాశాను. మీ తమ్ముడు అలా రాశాడని నేను అనడం లేదు. అడగమంటున్నాను."

ఇంటికి రాగానే అడిగాను. వంశీ నడక ఆపలేదు. "అందరు చేస్తరక్కా."

"అయితే నువ్వు పాసైంది దేనిల్రా?"

"శనివారం దాంక ఆగవే. ఆ ఒక్క మ్యాచ్."

టోబియాస్‌కు ఫోన్ చేసి, క్లబ్బుకు మీరే చెప్పండని బతిమాలాను. ఒప్పుకోలేదు. "బయటి న్యూరాలజిస్టుకు చూపించుకునే హక్కు కాంట్రాక్టులో పెట్టించాం. అతను అడిగితే పక్కన కూర్చుంటాను. అతని తలనొప్పి అతనే చెప్పాలి" అన్నాడు. ఆ రోజు నాకు ఆ యూనియన్ మీద కోపమే వచ్చింది.

గురువారం వంశీ ప్రాక్టీసుకు బయల్దేరాడు. రోజూ ఎక్కే ట్రామే. కాసేపటికి ఫోన్ వచ్చింది.

"అక్కా, నేనెక్కడున్న?"

"బోర్డు మీద ఏముందో చదువు."

చదివాడు. వాడు దిగాల్సిన స్టాప్ ఎప్పుడో దాటిపోయింది. "ఇక్కడికి ఎందుకొచ్చిన్నో యాదికొస్తలేదు" అన్నాడు. నేను వెళ్లేసరికి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, ఇన్ని రోజుల్లో మొదటిసారి కదలకుండా. నా ముందే టోబియాస్‌కు ఫోన్ చేశాడు.

న్యూరాలజిస్ట్ ఆమె. వేలు అటూ ఇటూ తిప్పి చూడమంది, కళ్లు మూసి ఒంటికాలి మీద నిలబడమంది. వంశీ గోడ పట్టుకున్నాడు. బేస్‌లైన్ సంగతి వాడే చెప్పాడు. టోబియాస్ అన్నట్టుగానే పక్కన కూర్చున్నాడు. "టెస్ట్ బాగుంది. మీరు బాగా లేరు. ఈ సీజన్‌లో ఇక ఆట లేదు" అందామె.

తర్వాత వెస్టిబ్యులర్ ఫిజియోథెరపీ, తల తిరగడం తగ్గి ఒళ్లు నిలదొక్కుకోవడానికి. బొటనవేలి గోరు మీద చూపు నిలిపి తల తిప్పడం, గీత మీద నడవడం. చూడ్డానికి చిన్నపిల్లల ఆట, అది చేసి వాంతి చేసుకునేవాడు. కాస్త బాగుందనగానే చెప్పకుండా పార్కులో పరుగెత్తి వచ్చాడు. తలనొప్పి తిరగబెట్టింది, మళ్లీ కింది మెట్టు. కాంట్రాక్ట్ ఉన్నంతవరకు క్లబ్బు తీసేయకుండా యూనియన్ చూసుకుంది. వచ్చే ఏడాది పేర్లలో మాత్రం వంశీ లేడు. అది యూనియన్ చేతిలోనూ లేదు.

ఇప్పుడు వాడు థీసిస్ ఇచ్చేశాడు. పట్టి పడేయడం లేని టచ్ రగ్బీ పిల్లలకు నేర్పుతున్నాడు. మొన్న న్యూరాలజిస్ట్ మళ్లీ టెస్ట్ పెట్టింది. ఈసారి మనసు పెట్టి రాశాడు. పాత బేస్‌లైన్ కంటే చాలా ఎక్కువ వచ్చింది. నేను సంతోషపడి, "అయితే పూర్తిగా నయమైనట్టేనా?" అని అడిగాను.

"చెప్పలేను. దెబ్బకు ముందు ఈయన అసలు స్కోరు ఎంతో ఎవరికీ తెలియదు కదా" అందామె.

వంశీకి కూడా తెలియదు. కొత్త సీజన్‌కు ముందు టోబియాస్ వాణ్ని క్లబ్బులకు తీసుకెళ్తున్నాడు. కుర్రాళ్లు బేస్‌లైన్ రాసే గదిలో నిలబడి వంశీ ఇదే చెబుతాడు. ఈ పేజీ చదివేవాళ్లకు, మీ ఇంట్లో రగ్బీ లేకపోయినా, నేను చెప్పేదీ అదే. ఒళ్లు బాగున్న రోజున చేసే టెస్టును నిజాయితీగా చేయించుకోండి. జబ్బు రోజున డాక్టర్ పోల్చి చూసేది దాంతోనే.

పోయిన ఆదివారం భోజనానికి వచ్చాడు. "బావ ఏడి?" అన్నాడు. చెప్పాను. కంచంలో అన్నం పెట్టి, గరిటె చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. వాడు నా మొహం చూసి, "మల్ల అడగనే, పప్పు వెయ్యి" అన్నాడు.